గెట్ అనే మాటను పట్టుకునుడు ఎట్ల: తెలుగు మీడియంల చదివినోళ్ల కోసం పూర్తి గైడ్

ఇంగ్లీష్‌ల మనోళ్లను ఎక్కువ తిప్పలు పెట్టేది పెద్ద పెద్ద మాటలు అనుకుంటరు గానీ, మూడు అక్షరాల గెట్ పెట్టినంత తిప్పలు ఏదీ పెట్టదు. డిక్షనరీ తీస్తే పొందుట, సంపాదించుట అని ఉంటది, అదే బట్టీ పట్టి హైదరాబాద్ ల ఆఫీసుకు పోతే అక్కడ సారు "డిడ్ యూ గెట్ ఇట్?" అంటడు, మనం ఏం పొందిన్నా అని ఆలోచన చేసుకుంట నిలబడతం, ఆయన అడిగింది అర్థమైందా అని. అదే మాట బస్సుల దిగుడుకు, పెండ్లికి, జరం వచ్చుడుకు, జరం తగ్గుడుకు, ఊరికి చేరుడుకు, బండి రిపేర్ చేయించుడుకు అన్నిటికీ వస్తది. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు సర్కారు బడిల తెలుగు మీడియం చదివి, డిగ్రీ అయినంక ఇంటర్వ్యూలకు తిరిగే పిల్లల కోసం ఇది రాస్తున్న, జర ఓపికగ చదవుండ్రి, ఒక్క కూర్చున్నడుల మొత్తం కాకపోయినా పర్వాలేదు, రోజుకొక మెట్టు చదివినా సరిపోతది.

ముందుగాల ఒక్కటే సూత్రం చెప్త. గెట్ కు ఎన్ని అర్థాలున్నయి అని లెక్క పెట్టుకుంట కూర్చోవద్దు. గెట్ పక్కకు వచ్చి నిలబడ్డ మాట ఏందో చూడుండ్రి. వస్తువు వచ్చిందా, గుణం వచ్చిందా, జాగ పేరు వచ్చిందా, క్రియ మూడో రూపం వచ్చిందా, టు వచ్చిందా, అప్ ఆఫ్ ఓవర్ లాంటి చిన్న మాట వచ్చిందా. దాన్ని బట్టే అర్థం మారుతది. ఈ గైడ్ మొత్తం ఆ వరుసలనే పోతది.

మెట్టు 1: రూపాలు, చెవికి వినపడే తీరు

ఇప్పటిదైతే గెట్, ఆయన ఆమె అయితే గెట్స్, అయిపోయినదైతే గాట్, నడుస్తున్నదైతే గెటింగ్. మూడో రూపం బ్రిటిష్ వాళ్లు గాట్ అనే అంటరు, అమెరికా వాళ్లు చానా చోట్ల గాటెన్ అంటరు. గాటెన్ అంటే అమెరికా వాళ్లు కొత్తగ పుట్టించిండ్రు అనుకుంటరు కొందరు, కాదు, అదే పాతది, ఇంగ్లండ్‌ల వాడకం తగ్గిపోయింది, అమెరికాల మిగిలింది. ఫర్‌గెట్ కు మాత్రం ఇద్దరూ ఫర్‌గాటెన్ అనే అంటరు. అసలు గెట్ అనేది ఇంగ్లండ్‌కు స్కాండినేవియా దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డ నార్స్ వాళ్ల భాషల నుంచి వచ్చిన మాట, వాళ్ల దాంట్ల గెటా అంటరు.

వినేటప్పుడు ఇంకో తిప్పలుంది. అమెరికా వాళ్లు మాట్లాడితే గెట్ అప్ అనేది గెడప్ లెక్క, గెట్ అవుట్ అనేది గెడౌట్ లెక్క, గాట్ ఇట్ అనేది గాడిట్ లెక్క వినపడతది. రెండు అచ్చుల నడుమ పడ్డ ట వాళ్ల నోట్లె మెత్తబడి డ కు దగ్గరయితది. ఫోన్ల ఇంటర్వ్యూ ఇచ్చేటోళ్లు ఇది ముందే చెవికి పట్టించుకోవాలె, లేకపోతే ఎదుటోళ్లు మనకు తెలిసిన మాటనే అన్నా తెల్వనట్టె అయితది.

మెట్టు 2: గెట్ పక్కకు వస్తువు వస్తే

ఇక్కడ మన తెలుగే మనకు పెద్ద సాయం. తెలుగుల "నాకు ఉద్యోగం వచ్చింది" అంటం. వచ్చింది ఉద్యోగం, నేను ఊకెనే ఉన్న, నాకు అని పక్కకు నిలబడ్డ. ఇంగ్లీష్ వాళ్లకు ఆ "నాకు" నచ్చదు, వాళ్లు మనిషిని ముందుకు గుంజి "ఐ గాట్ ఎ జాబ్" అంటరు. అంటే నాకు అనేది ఐ అయితది, వచ్చింది అనేది గాట్ అయితది. ఈ ఒక్క తిరగేసుడు చేతికొస్తే గెట్ సగం వచ్చినట్టె, అందుకే ఈ మెట్టు కాడ ఎక్కువ సేపు ఆగుండ్రి.

"మా చెల్లెకు పాలమూరు యూనివర్సిటీల సీటు వచ్చింది" అంటే "మై సిస్టర్ గాట్ ఎ సీట్ ఇన్ పాలమూరు యూనివర్సిటీ". "మాకు బత్తాయికి మంచి రేటు వచ్చింది" అంటే "వి గాట్ ఎ గుడ్ ప్రైస్ ఫర్ అవర్ స్వీట్ లైమ్స్". "వాళ్లకు మిర్యాలగూడల ఇల్లు కిరాయికి దొరికింది" అంటే "దే గాట్ ఎ హౌస్ ఆన్ రెంట్ ఇన్ మిర్యాలగూడ". చూసిండ్రా, వచ్చింది అన్నా దొరికింది అన్నా గాట్ ఒక్కటే. "ఇక్కడ సిగ్నల్ వస్తలేదు" అంటే "ఐ యామ్ నాట్ గెటింగ్ ఎనీ సిగ్నల్ హియర్". మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు మీద అడవిలకు పోయినోళ్లకు ఈ వాక్యం బాగ పనికొస్తది.

ఇదే గెట్ తెచ్చుడుకు, కొనుడుకు కూడ వస్తది. "కెన్ యూ గెట్ మీ సమ్ వాటర్?" అంటే పోయి నీళ్లు తెచ్చిస్తవా అని. బ్రింగ్ కు దీనికి తేడా ఉంది, బ్రింగ్ అంటే నీ దగ్గర ఉన్నది పట్టుకొని రా అని, గెట్ అంటే ఉన్న జాగకు పోయి, తీసుకొని, మళ్ల రా అని. "ఐ గాట్ దిస్ శారీ ఇన్ గద్వాల" అంటే ఈ చీర గద్వాలల కొన్న అని. ఎవరన్న ఇచ్చిండ్రా, కొన్నవా అనేది ముందు వెనక మాటలను బట్టి తెలుస్తది.

ఇగ జాగ్రత్త పడాల్సిన సంగతి. "నాకు" ఉన్న ప్రతి వాక్యం గెట్ కు లొంగదు. "నాకు ఈత వచ్చు" అంటే అది విద్య, "ఐ కెన్ స్విమ్" అనాలె. "నాకు తెల్సు" అంటే "ఐ నో". "నాకు ఇద్దరు తమ్ముండ్లు" అంటే "ఐ హావ్ టూ యంగర్ బ్రదర్స్". "నాకు డౌట్ వచ్చింది" అని మన క్లాసులల్ల "ఐ గాట్ ఎ డౌట్" అంటరు, మన దేశంల అందరికీ అర్థమైతది, కానీ బయటి దేశం వాళ్లకు డౌట్ అంటే నీ మాట నమ్మబుద్ధి అయితలేదు అన్నట్టు వినపడతది, కాబట్టి "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనుడే మంచిది. గల్ఫ్‌కు, అమెరికాకు పోయేటోళ్లు దీన్ని తప్పకుండ మార్చుకోవాలె.

జరం సంగతి కూడ ఇక్కడనే. "ఐ గాట్ ఫీవర్" అంటం మనం, నడుమ ఎ పెట్టి "ఐ గాట్ ఎ ఫీవర్" అంటే సాఫ్‌గ ఉంటది. డాక్టర్ కాడ ఇప్పుడు కూడ ఉంది అని చెప్పాలంటే "ఐ హావ్ ఎ ఫీవర్" అనుండ్రి, ఎందుకంటే గాట్ అంటే ఎప్పుడో వచ్చింది, ఉందో పోయిందో తెల్వదు.

మెట్టు 3: గుణం వస్తే "అయింది"

గెట్ పక్కకు కోల్డ్, డార్క్, టైర్డ్, యాంగ్రీ లాంటి గుణం చెప్పే మాట వస్తే ఇగ పొందుట అనేది మొత్తానికి మర్చిపోవాలె. ఇక్కడ గెట్ అంటే మారుడు, అవుడు. "పొద్దు గూకుతుంది" అంటే "ఇట్స్ గెటింగ్ డార్క్". "ఎండ ముదురుతుంది" అంటే "ఇట్స్ గెటింగ్ హాట్", మన నల్లగొండల మార్చి నెల దాటినంక ఇది రోజూ అనుకునే మాటే కదా. "చాయ్ సల్లారిపోతుంది" అంటే "ది టీ ఈజ్ గెటింగ్ కోల్డ్". "అమ్మకు నయమైతుంది" అంటే "మై మదర్ ఈజ్ గెటింగ్ బెటర్". మనం దవాఖానల చెప్పే "గెట్ వెల్ సూన్" కూడ ఇదే కొమ్మ, జల్ది మంచిగ కావాలె అని.

తెలుగుల కోపం, నిద్ర, ఆకలి ఇవన్నీ వస్తువుల లెక్క మన మీదికి వస్తయి. కోపం వచ్చింది, నిద్ర వస్తుంది. మెట్టు 2 ల నేర్చుకున్న తిరగేసుడు ఇక్కడ ఉన్నదున్నట్టు పెడితే "ఐ యామ్ గెటింగ్ స్లీప్" అయితది, అది తప్పు. ఇంగ్లీష్‌ల అవి గుణాలు కావాలె. నిద్ర వస్తుంది అంటే "ఐ యామ్ గెటింగ్ స్లీపీ", ఆకలైతుంది అంటే "ఐ యామ్ గెటింగ్ హంగ్రీ", కోపం వచ్చింది అంటే "ఐ గాట్ యాంగ్రీ", భయమైంది అంటే "ఐ గాట్ స్కేర్డ్". యాంగర్ కాదు యాంగ్రీ, స్లీప్ కాదు స్లీపీ, హంగర్ కాదు హంగ్రీ, ఈ మూడు జతలు నోటికి రావాలె.

"ఐ వాజ్ యాంగ్రీ" కు "ఐ గాట్ యాంగ్రీ" కు తేడా అడుగుతరు. మొదటిది కోపంగ ఉన్న అని, రెండోది ఆ నిమిషంల కోపం వచ్చింది, అంతకు ముందు మంచిగనే ఉన్న అని. ఉన్నదానికి వాజ్, మారినదానికి గాట్.

ఇంటర్వ్యూల ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది. నేను డాక్టర్ కావాలె, టీచర్ కావాలె అని చెప్పనీకి "ఐ వాంట్ టు గెట్ ఎ టీచర్" అంటరు. గెట్ పక్కకు టీచర్ అనే మనిషి వచ్చిండు కాబట్టి ఇది మెట్టు 2 లకు పోతది, నాకు ఒక టీచరు కావాలె, దొరకపట్టాలె అనే అర్థం వస్తది. మనిషి ఇంకో హోదాకు మారితే గెట్ పనికిరాదు, "ఐ వాంట్ టు బికమ్ ఎ టీచర్" అనాలె.

మెట్టు 4: జాగ పేరు, బస్సు, ఆటో

"గెట్ టు" అని జాగ పేరు వస్తే చేరుడు. "వి గాట్ టు నల్లగొండ ఎట్ నైన్" అంటే తొమ్మిదింటికి నల్లగొండ చేరుకున్నం. దారి అడగనీకి దీనికన్న మంచి వాక్యం లేదు: "హౌ డు ఐ గెట్ టు ది బస్ స్టాండ్?" హోమ్, హియర్, దేర్ వస్తే మాత్రం టు తీసేయాలె, "ఐ గాట్ హోమ్ లేట్", "వెన్ డిడ్ యూ గెట్ హియర్?" అంతే. రీచ్ వాడితే ఎక్కడా టు ఉండదు, "రీచ్డ్ టు నల్లగొండ" అనేది తప్పు, "రీచ్డ్ నల్లగొండ" అనాలె. ఈ రెండిటిని కలిపి నేర్చుకుంటే మంచిది, గెట్ కు టు కావాలె, రీచ్ కు వద్దు.

ఇప్పుడు ఎక్కుడు, దిగుడు. మనకు బస్సు అయినా ఆటో అయినా బండి అయినా ఎక్కుడే, దిగుడే. ఇంగ్లీష్ వాళ్లు వాహనాన్ని బట్టి మాట మారుస్తరు. లోపల లేచి నిలబడి నడవొచ్చే వాహనమైతే, అంటే బస్సు, రైలు, విమానం, "గెట్ ఆన్" అని ఎక్కుతరు, "గెట్ ఆఫ్" అని దిగుతరు. వంగి లోపలికి పోయి కూసునేదైతే, అంటే కారు, ఆటో, "గెట్ ఇన్" అని ఎక్కుతరు, "గెట్ అవుట్ ఆఫ్" అని దిగుతరు. పైన కాళ్లు అటిటు వేసి కూసునే బైకు, సైకిల్ మళ్ల గెట్ ఆన్, గెట్ ఆఫ్ లకే వస్తయి. ఇది తెల్వక కారు ఓనరుతోని "ఐ విల్ గెట్ ఆఫ్ ది కార్" అంటే కారు పైకప్పు మీదికెళ్లి దిగుతున్నట్టు వినపడతది.

గద్వాలకు పోయే కొత్త మనిషికి దారి చెప్పాలె అనుకోండ్రి, హైవే మీద పోయే బస్సుల వచ్చి ఎర్రవల్లి చౌరస్తాల దిగి అక్కడికెళ్లి ఇంకో బస్సు ఎక్కమనాలె. "గెట్ ఆఫ్ ఎట్ ఎర్రవల్లి క్రాస్ రోడ్స్ అండ్ గెట్ ఆన్ ఎ గద్వాల బస్." మన దగ్గర "గెట్ డౌన్" అంటరు దిగుడుకు, కండక్టర్లు, ప్యాసింజర్లు అందరూ అంటరు, మన దేశంల అది నడుస్తది, తప్పని నేను అనను. కానీ బయటి దేశంల ఎవరన్న గట్టిగ "గెట్ డౌన్!" అని అరిస్తే కిందికి వంగు, నేల మీద పడుకో అని అర్థం, ఏదో ప్రమాదం ఉన్నదన్నట్టు. అందుకని బస్సుకు గెట్ ఆఫ్ అనే అలవాటు చేసుకునుడే మంచిది.

మెట్టు 5: క్రియ మూడో రూపం వస్తే

"షి గాట్ మారీడ్", "హి గాట్ ట్రాన్స్‌ఫర్డ్", "వి గాట్ స్టక్", "దే గాట్ పేడ్". పెండ్లైంది, బదిలీ అయింది, ఇరుక్కపోయినం, పైసలు ముట్టినయి. మనకు ఏదో జరిగింది, చేసింది ఇంకొకరు లేకపోతే పరిస్థితి, అట్లాంటి కాడ గాట్ పెట్టి మూడో రూపం పెడతరు. "ఐ గాట్ స్టక్ ఇన్ ట్రాఫిక్ ఎట్ ఎల్బీనగర్" అనేది మన దిక్కు నుంచి హైదరాబాద్ పోయేటోళ్లకు రోజూ అక్కరకొచ్చే వాక్యం, ఇంటర్వ్యూకు లేటైతదని ఫోన్ చేసి చెప్పాలంటే "ఐ యామ్ స్టక్" అనుండ్రి, ఇంకా ఇరుక్కొనే ఉన్నం కాబట్టి.

పెండ్లి కాడ రెండు మాటలు. "ఐ గాట్ మారీడ్ ఇన్ మే" అంటే పెండ్లి జరిగిన రోజు సంగతి, "ఐ యామ్ మారీడ్" అంటే ఇప్పుడు పెండ్లైన మనిషిని అని. ఎవరితోని అయింది అంటే విత్ పెట్టొద్దు, టు పెట్టాలె, "షి గాట్ మారీడ్ టు ఎ టీచర్". తెలుగుల "తోని" ఉంది కాబట్టి మన నోటికి విత్ వస్తది, జర ఆపుకోవాలె.

మెట్టు 6: చేయించుడు

నాకు గెట్ ల అన్నిటికన్న ఇష్టమైన మెట్టు ఇదే, ఎందుకంటే తెలుగోళ్లకు ఇది పుట్టుకతోనే వచ్చిన బుద్ధి, ఇంగ్లీష్ల దాని పేరు తెల్వకనే భయపడతం. తెలుగుల చేసిన వేరు, చేయించిన వేరు. కుట్టిన వేరు, కుట్టించిన వేరు. ఒక్క "ఇంచు" తోని పని వేరేటోళ్లతోని జరిగింది అని చెప్పేస్తం. ఇంగ్లీష్‌ల ఆ ఇంచు పని గెట్ చేస్తది, కాకపోతే మాటల వరుస వేరే ఉంటది: ముందు గాట్, నడుమ వస్తువు, చివరికి మూడో రూపం.

బండి రిపేర్ చేయించిన: "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్". జాకెట్ కుట్టించుకుంది: "షి గాట్ హర్ బ్లౌజ్ స్టిచ్డ్". వడ్లు పట్టించినం: "వి గాట్ అవర్ ప్యాడీ మిల్డ్". చేన్ల బోరు వేయించినం: "వి గాట్ ఎ బోర్‌వెల్ డ్రిల్డ్". సర్టిఫికెట్ల మీద గెజిటెడ్ సంతకం పెట్టించిన: "ఐ గాట్ మై సర్టిఫికెట్స్ అటెస్టెడ్". కటింగ్ చేయించుకున్న: "ఐ గాట్ మై హెయిర్ కట్".

ఈ కటింగ్ వాక్యాన్ని పట్టుకోండ్రి. "ఐ కట్ మై హెయిర్" అంటే అద్దం ముంగట కూసొని కత్తెర పట్టుకొని నేనే కత్తిరించుకున్న అని. చానా మంది తెల్వక ఇదే అంటరు. అట్లనే "ఐ రిపేర్డ్ మై బైక్" అంటే మెకానిక్ నేనే. ఇంటర్వ్యూల "ఐ బిల్ట్ ఎ హౌస్" అంటే నువ్వు మేస్త్రి పని చేసినవా అని అడగొచ్చు. మాటల వరుస కూడ తప్పొద్దు, "ఐ గాట్ రిపేర్డ్ మై బైక్" అనొద్దు, బైకు నడుమనే ఉండాలె.

చేయించిన మనిషి పేరు కూడ చెప్పాలంటే వరుస మారుతది. గాట్, మనిషి, టు, క్రియ మొదటి రూపం. "ఐ గాట్ మై ఫాదర్ టు సైన్ ది ఫామ్." నాయినతోని ఫారం మీద సంతకం పెట్టించిన. ఇక్కడ గెట్ ల ఒక రుచి ఉంది, బతిమాలి, నచ్చజెప్పి, తిప్పలు పడి ఒప్పించిన అని. అదే మేక్ పెడితే జబర్దస్తీ, "మై ఫాదర్ మేడ్ మీ స్టడీ" అంటే ఇష్టం లేకున్నా కూసోబెట్టి చదివించిండు అని, దానికి టు కూడ ఉండదు. మన తెలుగుల రెండిటికీ "ఇంచు" ఒక్కటే, బతిమాలిండ్రా బెదిరించిండ్రా అనేది విడిగ చెప్పుకోవాలె. ఇంగ్లీష్‌ల మాటలనే తెలిసిపోతది. చిన్న పిల్లకు అన్నం తినిపించనీకి తల్లి పడే తిప్పలు చెప్పాలంటే "ఐ కాంట్ గెట్ హర్ టు ఈట్" అనే వాక్యంల మొత్తం వస్తది.

మెట్టు 7: టు వస్తే రెండు దారులు

"గెట్ టు" తర్వాత జాగ వస్తే చేరుడు అని చెప్పిన. క్రియ వస్తే అవకాశం దొరుకుడు. నాగార్జునసాగర్ కాడ 26 గేట్లు ఉన్నయి, ఎగువ నుంచి వరద మంచిగ వచ్చిన యేడే అవి ఎత్తుతరు, చూడాలంటే అదృష్టం ఉండాలె. గేట్లు ఎత్తినప్పుడు చూసే భాగ్యం దొరికింది అనేదానికి "ఐ గాట్ టు సీ ది సాగర్ గేట్స్ ఓపెన్". ఉత్తగ "ఐ సా" అంటే చూసిన అని మాత్రమే, "గాట్ టు సీ" అంటే ఛాన్స్ దొరికింది అనే సంబరం కూడ కలుస్తది.

హావ్ గాట్ టు అని ముందట హావ్ ఉంటే మాత్రం సంబరం లేదు, తప్పదు అని. "ఐ హావ్ గాట్ టు గో" అంటే పోవాలె, పోక తప్పదు. మాట్లాడేటప్పుడు అది నలిగి "ఐ గాటా గో", ఇంకా నలిగితే "గాడా" అయితది. రాతల రాయొద్దు, చెవికి మాత్రం తెలిసి ఉండాలె.

టు లేకుండ ఉత్తగ హావ్ గాట్ అంటే ఉంది అని అంతే. "హావ్ యూ గాట్ చేంజ్?" చిల్లర ఉందా. దీనికి అయిపోయిన కాలం రూపం వాడుకల తక్కువ, నిన్న ఉండె అనాలంటే "ఐ హాడ్" అనుండ్రి.

"గెట్ యూజ్డ్ టు" అంటే అలవాటు పడుడు, దాని తర్వాత క్రియకు ఇంగ్ పెట్టాలె, "ఐ గాట్ యూజ్డ్ టు లివింగ్ ఇన్ ఎ హాస్టల్". "గెట్ టు నో" అంటే పరిచయం పెరుగుడు.

మెట్టు 8: చిన్న మాటల గుంపు

అప్, ఓవర్, బై, అలాంగ్, బ్యాక్ లాంటివి కలిస్తే గెట్ అర్థం పూర్తిగ తిరిగిపోతది, ఇక్కడ సూత్రం లేదు, వాక్యంతోని కలిపి నేర్చుకోవాల్సిందే. కానీ పుస్తకంల ఉన్న వంద ఒక్కసారి మీదేసుకోవద్దు, అవసరమైనయి చెప్త.

గెట్ అప్ అంటే మంచం మీదికెళ్లి లేసుడు, వేక్ అప్ అంటే మెలకువ వచ్చుడు. ఐదింటికి మెలకువ వచ్చి ఆరింటిదాక పండుకునే ఉంటే "ఐ వోక్ అప్ ఎట్ ఫైవ్ అండ్ గాట్ అప్ ఎట్ సిక్స్".

గెట్ ఓవర్ కాడ మనోళ్లందరం జారుతం. పరీక్ష అయిపోయింది అని "ది ఎగ్జామ్ గాట్ ఓవర్" అంటం, మన దేశం ఇంగ్లీష్‌ల అది పాతుకపోయింది. బయట "ది ఎగ్జామ్ ఈజ్ ఓవర్" అంటరు. వాళ్లకు గెట్ ఓవర్ అంటే జరం నుంచో దుఃఖం నుంచో తేరుకునుడు. "షి హాజ్ నాట్ గాట్ ఓవర్ హర్ ఫాదర్స్ డెత్" అంటే నాయిన పోయిన బాధ నుంచి ఆమె ఇంకా తేరుకోలేదు అని.

గెట్ బై అంటే ఉన్నదాంట్లనే ఎట్లనో బతుకు ఎల్లదీసుడు. పాలమూరు నుంచి బొంబాయి, పూనా దిక్కు కూలికి పోయిన కుటుంబాల కథ ఇంగ్లీష్‌ల రాయాలంటే ఈ మాట లేకుండ రాయలేరు, "దే గాట్ బై ఆన్ డైలీ వేజెస్". సర్వైవ్ అనే మాట పెద్దది, బరువైనది, గెట్ బై ల ఆ రోజు వారీ ఎల్లదీత ఉంటది.

గెట్ అలాంగ్ విత్ అంటే ఒకరితోని మంచిగ పొసుగుడు. టీంల అందరితోని కలిసి పని చేస్తవా అనే ప్రశ్నకు "ఐ గెట్ అలాంగ్ వెల్ విత్ పీపుల్" అని జవాబు. గెట్ బ్యాక్ అంటే తిరిగి వచ్చుడు, "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ" అంటే మళ్ల కనుక్కొని చెప్త అని. కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూ అయినంక ఈ మాట అంటే ఉద్యోగం ఇచ్చినట్టు కాదు, ఇయ్యనట్టు కాదు. గెట్ రిడ్ ఆఫ్ అంటే వదిలించుకునుడు. గెట్ త్రూ అంటే ఫోన్ కలుసుడు, కష్టం గట్టెక్కుడు, రెండూ.

మెట్టు 9: అర్థమయ్యుడు

"ఐ గెట్ ఇట్", "గాట్ ఇట్", "ఐ డోంట్ గెట్ ఇట్". అర్థమైంది, అర్థం కాలేదు. మన దగ్గర లెక్చరర్లు "ఆర్ యూ గెటింగ్ మీ?" అంటరు, మనకు అలవాటే, కానీ బయట "డు యూ గెట్ వాట్ ఐ మీన్?" అంటరు. "డోంట్ గెట్ మీ రాంగ్" అంటే నన్ను తప్పుగ అర్థం చేసుకోకు అని. పెద్దోళ్లతోని, సారుతోని మాట్లాడేటప్పుడు గాట్ ఇట్ కన్న "ఐ అండర్‌స్టాండ్, సర్" అనుడు మర్యాద.

మెట్టు 10: గెట్ వద్దనే జాగలు

మాట్లాడనీకి గెట్ ఎంత మంచిగుంటదో, దరఖాస్తుల, ఆఫీసు లెటర్ల అంత తేలిగ్గ కనపడతది. మీ లెటర్ ముట్టింది అనాలంటే "ఐ రిసీవ్డ్ యువర్ లెటర్". పర్మిషన్ తీసుకున్న అనాలంటే "అబ్టెయిన్డ్". పరిస్థితి మారింది అనాలంటే "బికేమ్". చేరినం అనాలంటే "అరైవ్డ్". బయటి దేశాలకు పోనీకి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసేటోళ్లు రాత పేపర్ల ఒక పేరాల గెట్ రెండు మూడుసార్లు పడితే ఇవి పెట్టి మార్చుకోవాలె, మాట్లాడే పరీక్షల మాత్రం గెట్ ధైర్యంగ వాడుండ్రి, అక్కడ "అబ్టెయిన్" అంటెనే పుస్తకం చదివినట్టుంటది.

మెట్టు 11: చేతికి పని

కింద ఉన్న తెలుగు వాక్యాలకు జవాబు చూడకుండ ముందు మీరు రాయుండ్రి. ప్రతిదానికి ఒకటే ప్రశ్న వేసుకోండ్రి, గెట్ పక్కకు ఏం వస్తది అని.

మాకు రాత్రి కరెంటు వస్తది. నీటి కుండ పగిలింది, కొత్తది తెచ్చిపెట్టు. చలి పెరుగుతుంది. దేవరకొండ ఎప్పుడు చేరిండ్రు? ఆటో దిగుండ్రి. అన్నకు ప్రమోషన్ అయింది. నోట్లె పండ్లు డాక్టర్ కు చూపించిన. తమ్మున్ని పొలం పనికి ఒప్పించిన.

మొదటిది వస్తువు, "వి గెట్ పవర్ ఎట్ నైట్". రెండోది కూడ వస్తువే, తెచ్చిపెట్టుడు, "ది వాటర్ పాట్ బ్రోక్, గెట్ ఎ న్యూ వన్". మూడోది గుణం, "ఇట్స్ గెటింగ్ కోల్డర్". నాలుగోది జాగ, "వెన్ డిడ్ యూ గెట్ టు దేవరకొండ?" ఐదోది వంగి కూసునే బండి కాబట్టి "గెట్ అవుట్ ఆఫ్ ది ఆటో", చివరికి ప్లీజ్ కలపాలె, ఉత్త గెట్ అవుట్ అంటే బయటికి పో అన్నట్టయితది. ఆరోది మూడో రూపం, "మై బ్రదర్ గాట్ ప్రమోటెడ్". ఏడోది చేయించుడు, "ఐ గాట్ మై టీత్ చెక్డ్", డాక్టర్ పేరు చెప్పకున్నా నడుస్తది. ఎనిమిదోది మనిషి ఉన్న చేయించుడు, "ఐ గాట్ మై బ్రదర్ టు వర్క్ ఆన్ ది ఫార్మ్". ఆఖరి దాంట్ల టు మర్చిపోయినోళ్లు మెట్టు 6 ఇంకోసారి చదవుండ్రి, ఆ ఒక్కటి తప్పితే మేక్ తోని కలిసిపోతది.